ఏ పిట్టకు ఏ గూడు?
సంక్రాంతి సెలవుల ప్రాజెక్టు: తల్లిదండ్రులకు కొన్ని సూచనలు



ఏడో తరగతి పిల్లలకు ఈ సంక్రాంతి సెలవుల్లో కూడా పిట్టగూడు ప్రాజెక్టు ఇస్తున్నాం. డైరీలో ఒక లైను రాసి పంపితే సరిపోయేది. కానీ పోయిన ఏడాది జరిగిన ఒక విషయం మీకు చెప్పకుండా అదే ప్రాజెక్టు మళ్లీ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

పోయినసారి పిల్లలు ఇరవై ముప్పై గూళ్లు తెచ్చారు. వాటిలో ఒకటి అందరికీ నచ్చింది. రేకు పైకప్పు, ఎర్ర రంగు గోడలు, గుమ్మం ముందు పిట్ట వాలడానికి చిన్న పుల్ల, పైన పాప పేరు రాసిన బోర్డు. నేను పదికి పది మార్కులు వేసి ఎగ్జిబిషన్ టేబుల్ మీద ముందు వరసలో పెట్టాను. ఆ పాప దాన్ని ఇంటికి తీసుకెళ్లి మిద్దె పిట్టగోడకు కట్టింది. మార్చి నెలలో నిజంగానే పిచ్చుకలు వచ్చాయి. గడ్డి తెచ్చుకున్నాయి, గుడ్లు పెట్టాయి. రోజూ ప్రేయర్ అయ్యాక వచ్చి నాకు కబుర్లు చెప్పేది. ఏప్రిల్‌లో ఒక సోమవారం వచ్చి, "మేడమ్, పిల్లలు లేవడం లేదు" అంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. రేకు మీద చెయ్యి పెడితే రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను. లోపల మూడు పిచ్చుక పిల్లలు ఉన్నాయి. ఇంకా ఈకలు కూడా సరిగా రాలేదు. ఎండకు ఉడికిపోయాయి. పాప ఏడవలేదు. "మీరు పదికి పది వేశారు కదా మేడమ్?" అని మాత్రం అడిగింది. నన్ను తప్పుపట్టాలని అడిగిన మాట కాదది. నిజంగానే దానికి అర్థం కాలేదు.

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమే నా జవాబు అనుకోండి. గూడు మన కళ్లకు ఎలా ఉందన్నది ముఖ్యం కాదు, పిట్టకు ఎలా ఉందన్నదే ముఖ్యం. నేను మార్కులు వేసింది మొదటిదానికి.

మొదటి వారం: కట్టకండి, చూడండి

సెలవులు మొదలైన రోజే చెక్క, మేకులు కొనవద్దు. ముందు మూడు నాలుగు రోజులు పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర వరకు పిల్లలతో పాటు వాకిట్లోనో, పెరట్లోనో, మిద్దె మీదో కూర్చోండి. ఏ పిట్టలు వస్తున్నాయి? ఎక్కడ వాలుతున్నాయి? ఏం తింటున్నాయి? నోట్‌బుక్‌లో రాయించండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయమనండి. ఇంట్లో అవ్వాతాతలు ఉంటే పేర్లు వాళ్లనే అడగమనండి. ఈ పాఠంలో వాళ్లు మాకంటే పెద్ద టీచర్లు.

ఎందుకంటే అన్ని పిట్టలకూ మనం చేసే పెట్టె అక్కర్లేదు. మన తిరుచానూరు చుట్టుపక్కల ఇళ్ల దగ్గర కనిపించే పిట్టలను గూడు విషయంలో మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

ఒకటి, తొర్రల్లోనో గోడ సందుల్లోనో గుడ్లు పెట్టేవి: పిచ్చుక, గోరింక, నల్లంచి, పైడికంటి, రామచిలుక. చెక్కపెట్టె ఉపయోగపడేది వీటికే.

రెండు, కొమ్మల మధ్య బయటికి కనిపించేలా గూడు పెట్టుకునేవి: పిగిలిపిట్ట, గువ్వ, కాకి. ఇవి పెట్టెలోకి రావు. వీటికి కావలసింది చెట్టు, పొద, మహా అయితే ఒక పలక.

మూడు, సొంతంగా అల్లుకునేవి, కుట్టుకునేవి, తొలుచుకునేవి: గిజిగాడు, తేనెపిట్ట, దర్జీపిట్ట, కంసాలిపిట్ట. వీటి పనితనం ముందు మన ప్రాజెక్టు ఎంత? వీటిని కదిలించకుండా ఉండటమే మనం చేయగల సాయం.

పిచ్చుక పెట్టె

ముందు పిచ్చుక సంగతి. మన అవ్వల కాలంలో పిచ్చుకకు ఎవరూ పెట్టె చేయలేదు. పెంకుటింటి వాసాల సందులు, మట్టి గోడల బొక్కలు, దేవుడి పటం వెనక చోటు, ఇవన్నీ దానివే. కోతలయ్యాక వరి కంకులను కుచ్చులుగా అల్లి చూరుకు, గుడి మండపానికి వేలాడదీసేవాళ్లు. ఇప్పుడు మన ఊరి చుట్టూ చెరుకు, వరి పండిన చోట్ల ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. సిమెంటు స్లాబుకు సందులు ఉండవు. అంటే పిచ్చుక పోగొట్టుకున్నది గింజలు ఒక్కటే కాదు, ఇల్లు కూడా.

కొలతలు చెబుతాను. లెక్కల టీచర్‌గారు కూడా సంతోషిస్తారు. 6 అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం, 54 అంగుళాల పొడవున్న పలక ఒకటి తీసుకోండి. దానిలో ముక్కలు ఇలా కోయాలి:

వెనక పలక: 12 అంగుళాలు
ముందు పలక: ఏడు ముప్పావు అంగుళాలు
పక్క పలకలు రెండు: వెనకవైపు 9, ముందువైపు 8 అంగుళాలు ఉండేలా ఏటవాలుగా
అడుగు: 5 అంగుళాలు
పైకప్పు: ఎనిమిదిన్నర అంగుళాలు

పక్క పలకలు రెండింటికీ 17 అంగుళాల ముక్క తీసుకుని మధ్యలో ఒకే ఒక ఏటవాలు కోత కోస్తే రెండూ సమానంగా వస్తాయి. ఎలా వస్తాయో ముందు కాగితం కత్తిరించి కనుక్కోమని పిల్లలకు చెప్పండి. అన్నీ కూడితే ఎంత? 54లో ఎంత మిగులుతుంది? రంపం పొట్టుకు అది సరిపోతుందా? ఇవి నోట్‌బుక్‌లో ఉండాలి. కోత పని మాత్రం పెద్దవాళ్లు గానీ వడ్రంగి గానీ చేయాలి.

బిగించేటప్పుడు వెనక పలక కిందా పైనా ఒకటిన్నర అంగుళం చొప్పున బయటికి ఉండాలి. గోడకు మేకు కొట్టడానికి ఆ చోటు కావాలి. పక్క పలకలు ముందు, వెనక పలకల మధ్యలోకి వస్తాయి. అడుగు పలక లోపల ఇరుక్కుని కూర్చుంటుంది. ముందు పలక పావు అంగుళం పొట్టిగా ఉంది కదా, ఆ సందులోంచి వేడి గాలి బయటికి పోతుంది. పైకప్పు ముందుకు రెండు అంగుళాలు పొడుచుకు వచ్చి వానను, ఎండను ఆపుతుంది. దాన్ని మేకులతో కాకుండా స్క్రూలతో బిగిస్తే తర్వాత విప్పి శుభ్రం చేసుకోవచ్చు. అడుగున నాలుగు మూలలా చిన్న రంధ్రాలు పెట్టండి. లోపల నీరు చేరితే కిందికి కారిపోతుంది.

ఇక గుమ్మం. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. ముందు పలక పై అంచుకు రెండు అంగుళాల కింద నాణెం పెట్టి, దాని చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలి గుండ్రంగా గీత గీయండి. 33 మిల్లీమీటర్ల గుమ్మం వస్తుంది. పిచ్చుక సులువుగా దూరుతుంది. గోరింక దూరలేదు. గుమ్మం రెండు అంగుళాలు చేశారంటే గోరింక వచ్చి పిచ్చుకను వెళ్లగొట్టి తాను చేరుతుంది. గోరింక తప్పేం లేదు. దానికి సరిపోయే తలుపు మనమే తీసిపెట్టాం.

గుమ్మం ముందు పుల్ల వద్దు. పిచ్చుకకు అది అవసరం లేదు. కాకి నిలబడి లోపలికి ముక్కు పెట్టడానికి మాత్రం బాగా పనికొస్తుంది. లోపల రంగు, వార్నిష్ వేయవద్దు. చెక్క లోపలివైపు గరుకుగా ఉంటేనే పిల్లలు గోళ్లతో పట్టుకుని గుమ్మం దాకా ఎక్కగలవు. బయట రంగు వేయాలనుకుంటే లేత రంగు వేయండి. ముదురు రంగు ఎండను పట్టుకుంటుంది.

చెక్కపని కుదరని ఇళ్లవాళ్లు చిన్న మట్టికుండ తీసుకోండి. దాని మూతికి 33 మిల్లీమీటర్ల రంధ్రమున్న చెక్కబిళ్ల బిగించి, అడ్డంగా పడుకోబెట్టి వరండాలో కట్టండి. వాన పడని చోటైతే గట్టి అట్టపెట్టె కూడా ఒక సీజన్‌కు పనిచేస్తుంది. ఈ రెండింటికీ మార్కులు తగ్గవు.

పిచ్చుకలు గుంపుగా బతికే పిట్టలు. వీలైతే రెండు మూడు పెట్టెలు దగ్గర దగ్గరగా కట్టండి.

మిగతా పిట్టలకు

గోరింకకు పెద్ద పెట్టె కావాలి. అడుగు 8 అంగుళాల చదరం, ఎత్తు 14 అంగుళాలు, గుమ్మం రెండు నుంచి రెండున్నర అంగుళాలు. అయితే గోరింక తెలివైనది. బోర్డు వెనకా, పైపులోనూ, ఏసీ సందులోనూ ఎక్కడైనా సర్దుకుంటుంది. మీ ఇంట్లో ఒకే పెట్టెకు చోటుంటే దాన్ని పిచ్చుకకే ఇవ్వండి.

నల్లంచిని చాలామంది పిల్లలు చూసే ఉంటారు, పేరు తెలియదు. నలుపు తెలుపు రంగుల్లో, తోక పైకెత్తి తిరుగుతుంది. వేసవి తెల్లవారుజామున కరెంటు తీగ మీద కూర్చుని రాగాలు తీసేది ఇదే. దీనికి అడుగు 6 అంగుళాల చదరం, గుమ్మం రెండు అంగుళాలు చాలు. పెరట్లో చెట్లు, కాస్త నీడ ఉన్న ఇంటికి వస్తుంది.

పైడికంటి అంటే చిన్న గుడ్లగూబ. మామిడితోపులు, పాత చింతచెట్లు దగ్గరున్న ఇళ్లవాళ్లు దీనికి ప్రయత్నించవచ్చు. గోరింక పెట్టె కొలతలే, గుమ్మం మాత్రం మూడు అంగుళాలు. అడుగున రెండు అంగుళాల మందాన రంపపు పొట్టు వేయాలి. గుడ్లగూబ ఇంటి దగ్గరుంటే మంచిది కాదనే మాట మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. అది ఎలుకలను, పురుగులను పట్టి తినే పిట్ట అని పిల్లలతోనే చెప్పించండి. గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమని కూడా అంటారు. అమ్మవారి ఊళ్లో ఉంటూ అమ్మవారి వాహనాన్ని రాళ్లతో కొడతామా?

రామచిలుక 2018 నుంచి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. దానికి మూడు అంగుళాల గుమ్మమున్న లోతైన పెట్టె పనికొస్తుంది గానీ, అది ఎక్కువగా పాత చెట్ల తొర్రలనే ఇష్టపడుతుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. మనం చేసేది తలుపు లేని ఇల్లు. తలుపు పెడితే అది జైలు.

గువ్వకు పెట్టె వద్దు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలకకు చుట్టూ అంగుళం అంచు కొట్టి సన్‌షేడ్ కింద బిగిస్తే చాలు. నాలుగు పుల్లలు పేర్చుకుని అందులోనే గుడ్లు పెడుతుంది.

పెట్టె అడగని పిట్టలు

పిగిలిపిట్టకు మందారమో, గోరింటాకు పొదో ఉండాలి. తేనెపిట్ట సన్నటి నారతో, సాలెగూటి దారాలతో సంచి కట్టుకుని కొమ్మ చివర వేలాడదీస్తుంది. దర్జీపిట్ట ఆకుల అంచులను ముక్కుతో పొడిచి, దూది పోగులతో కుట్టి, మధ్యలో గూడు పెడుతుంది. కంసాలిపిట్ట ఎండిన కొమ్మను తొలిచి ఇల్లు చేసుకుంటుంది. కాబట్టి ఇంటి మీద పడే ప్రమాదం లేని ఎండుకొమ్మను అందం కోసం నరికించకండి.

గిజిగాడి గూళ్లు స్వర్ణముఖి వైపు, బావుల దగ్గర, ఈతచెట్లకూ తుమ్మచెట్లకూ వేలాడుతూ కనిపిస్తాయి. వానాకాలంలో మగపిట్ట గడ్డిపోచలతో గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం అల్లడం. ఆ సంగతులను 1930లో బొంబాయి దగ్గర కిహింలో ఓపికగా కూర్చుని గమనించి రాసినవారు డాక్టర్ సలీం అలీ.

ఆయన కథ పిల్లలకు తప్పక చెప్పండి. 1896లో పుట్టిన సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు దగ్గర పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని సందేహం వచ్చింది. మామయ్య సలహాతో దాన్ని పట్టుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లవాణ్ణి కసరలేదు. పిట్ట పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన పక్షులన్నీ చూపించారు. ఆ పిల్లవాడే తర్వాత మన దేశంలో పక్షుల అధ్యయనానికి పెద్దదిక్కు అయ్యారు. 1985లో రాసుకున్న ఆత్మకథకు కూడా ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నారు. ఆయన పుట్టిన నవంబరు 12ను మనం పక్షుల దినంగా జరుపుకుంటున్నాం.

చనిపోయిన ఒక పిట్టను పట్టుకుని పిల్లవాడు ప్రశ్నతో వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఏం చేయాలో నేను ఆ కథలోనే నేర్చుకున్నాను.

ఎక్కడ కట్టాలి?

తిరుపతి ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి రేకుతో, ప్లాస్టిక్‌తో, నూనె డబ్బాలతో గూడు వద్దే వద్దు. మిద్దె పిట్టగోడ మీద వద్దు. పడమటి గోడకు వద్దు. సన్‌షేడ్ కిందా, వరండాలో, మధ్యాహ్నం నీడ ఉండే ఉత్తరం లేదా తూర్పు గోడకు కట్టండి. కట్టే ముందు ఒక పరీక్ష చేయించండి. మధ్యాహ్నం రెండు గంటలకు పిల్లలు ఆ చోట అరచెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి ఉంచలేని చోట పిట్టపిల్ల ఉండలేదు.

నేల నుంచి ఎనిమిది, పది అడుగుల ఎత్తు ఉండాలి. పిల్లి దూకే గోడ, కొమ్మ పక్కన ఉండకూడదు. కోతుల బెడద ఉన్న వీధుల్లో తాడుతో వేలాడదీయకుండా గోడకు గట్టిగా బిగించండి. ఇంటి లోపలైతే సీలింగ్ ఫ్యాన్ ఉన్న గదిలో అసలు వద్దు. ఫ్యాను రెక్క తగిలి చనిపోయే పిచ్చుకలు ఎన్నో. నిచ్చెన ఎక్కే పని పెద్దవాళ్లదే.

ఇల్లు ఇస్తే సరిపోదు

పిచ్చుకకు నూకలు, సజ్జలు, కొర్రలు వేస్తాం. మంచిదే. కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్ల గింజ తినలేదు. దానికి మెత్తటి పురుగులు, గొంగళిపురుగులు కావాలి. తల్లీతండ్రీ రోజంతా వాటినే మోసుకొస్తాయి. పెరట్లో చెట్టు లేకపోతే, ఉన్న చెట్టుకు పురుగుమందు కొడితే, ఎంత మంచి పెట్టె కట్టినా లోపల పిల్లలు ఆకలితో ఉంటాయి. రెండు కుండీల్లో వంగ, బెండ, ఒక పొద, మందు కొట్టని ఒక మూల, ఇవి కూడా ప్రాజెక్టులో భాగమే.

1958లో చైనాలో పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని దేశమంతా ఉద్యమంలా వాటిని చంపారు. గూళ్లు పీకేశారు, గుడ్లు పగలగొట్టారు. పిచ్చుకలు పోయాక పంటల మీద పురుగులు విపరీతంగా పెరిగాయి. చివరికి 1960లో చంపాల్సిన వాటి జాబితా నుంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు. మన దగ్గర ఎవరూ పిచ్చుకను పనిగట్టుకుని చంపలేదు. ఇంట్లో చోటు తీసేశాం, అంతే.

వెడల్పాటి మట్టి మూకుడులో రెండు అంగుళాల లోతున నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి. ఇంకో మూకుడులో పొడి ఇసుక పెడితే పిచ్చుకలు మట్టిస్నానం చేస్తాయి. చూడటానికి భలేగా ఉంటుంది.

కట్టిన తర్వాత

ఈ నెలలో కట్టిన గూడుకు ఫిబ్రవరి, మార్చిల్లో పిట్టలు రావచ్చు. రాకపోవచ్చు కూడా. కొన్ని పెట్టెలకు ఏడాది పడుతుంది. పిచ్చుక గుడ్లు పొదగడానికి రెండు వారాల లోపు, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలు. ఆ నెల రోజులు మూత తీయకూడదు, సెల్‌ఫోన్ దగ్గరగా పెట్టి ఫోటోలు తీయకూడదు. దూరం నుంచి చూసి, గంటకు ఎన్నిసార్లు పిట్ట లోపలికి వెళ్లిందో లెక్కపెట్టి రాస్తే చాలు. పిల్లలు ఎగిరిపోయి, తల్లిపిట్టలు కూడా గూడు వదిలేశాక పాత గడ్డి తీసి, వేడినీళ్లతో కడిగి ఎండబెట్టి మళ్లీ కట్టండి. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. ఆ రోజు నోట్‌బుక్‌లు క్లాసులో చదివిస్తాం.

మార్కుల సంగతి

ఈసారి అందానికి మార్కులు లేవు. దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో కొన్న గూడుకు మార్కులు లేవు. వారం రోజుల పరిశీలన నోట్‌బుక్‌కు నాలుగు, ఆ పిట్టకు సరిపోయే కొలతలకు మూడు, కట్టిన చోటుకు మూడు. మీ ఇంట్లో పెట్టె అవసరం లేదని పిల్లలు కారణాలతో తేల్చి, బదులుగా ఒక పొద నాటినా, గువ్వకు పలక పెట్టినా, ఎండుకొమ్మను నరకకుండా ఆపినా పదికి పది వస్తాయి. పిట్ట రాలేదని ఒక్క మార్కు కూడా తగ్గదు.

ఆ పాప ఈ ఏడాది ఎనిమిదో తరగతి. ఈ ప్రాజెక్టు ఆమెకు లేదు. అయినా దసరా సెలవుల్లో వాళ్ల నాన్నతో కలిసి చెక్కపెట్టె చేసింది. రంగు లేదు, పేరు బోర్డు లేదు. మెట్ల కింద నీడలో, ఉత్తరం గోడకు బిగించారు. పోయిన వారం వచ్చి, "మేడమ్, ఒక మగ పిచ్చుక రోజూ వచ్చి తొంగిచూసి పోతోంది" అని చెప్పింది. మార్కులు వేయమని అడగలేదు. నేనూ వేయలేదు. మార్చిలో ఏమైందో వచ్చి చెప్పమని మాత్రం అడిగాను.

మీ ఇంటి కబుర్లు కూడా పిల్లల డైరీలో రాసి పంపండి. సంక్రాంతి శుభాకాంక్షలు.

మీ పిల్లల సైన్స్ టీచర్,
తిరుచానూరు శాఖ